మూడో అంచు

గది గుమ్మంలోనే అనిత ఆగిపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక మనిషి కన్ను పోయింది మేడమ్. నావల్లే పోయిందంటున్నారు. నిజంగా నావల్లే అయితే ఒప్పుకుంటాను. కానీ ముందు నాకు తెలియాలి కదా?"

విజయనగరం గంటస్తంభం దగ్గర, మందుల షాపు పైన ఉన్న ఆ చిన్న ఆఫీసు లెంక రాజకుమారిది. ఆమె చాలా ఏళ్లు పోలీసు వేలిముద్రల విభాగంలో పనిచేసి, స్వచ్ఛందంగా బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ అయింది. తక్కువ మాట్లాడుతుంది, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వింటుంది. ఆమె సహాయకుడు త్రినాథ్ ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపేవాడు. ఒక కేసులో ఆమె పనితీరు చూశాక స్టూడియో తమ్ముడికి అప్పగించి ఇక్కడ చేరిపోయాడు.

"ముందు మంచినీళ్లు తాగమ్మా. తరవాత మొదటినుంచీ చెప్పు," అంది రాజకుమారి.

అనితది కోటబొమ్మాళి. టెక్స్‌టైల్ ఇంజనీరింగు చదివి, బొబ్బిలి దగ్గర గిరిబాబు అనే ఆయన ఫెల్టు ఫ్యాక్టరీలో రెండేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ గోగునారని నేతా కుట్టూ లేకుండా, సూదులతో పొడిచి పొడిచి దళసరి దుప్పటిలా తయారుచేస్తారు. మిషన్లో ఒక బోర్డు నిండా వేల సూదులుంటాయి. బోర్డు పైకీ కిందకీ ఆడుతుంటే ఒక్కో సూదీ పై పీచుని కిందకి లాక్కెళ్లి చిక్కువేస్తుంది.

ఆమె బ్యాగులోంచి కాగితం పొట్లం విప్పి ఒక సూది బల్లమీద పెట్టింది. "ఇది నేను డిజైన్ చేసింది. మామూలు సూదికి మూడు అంచులుంటాయి, మూడింటిమీదా పీచుని పట్టే చిన్న చిన్న గాట్లుంటాయి. గోగునార మొరటుది, మూడు పక్కలా పట్టేస్తే తెగిపోతుంది. అందుకే నేను రెండు అంచులమీదే గాట్లు పెట్టించాను. మూడో అంచు నున్నగా ఉంటుంది. ఆ నున్నటి అంచు నార వచ్చేవైపుకే ఉండాలి."

"అలా ఉందని బోర్డులో ఎలా తెలుస్తుంది?"

"సూది తల దగ్గర ఈ వంపు చూడండి. అది ఎడమకి పెట్టి బిగిస్తే సరిగ్గా కూర్చుంటుంది. ట్రయల్‌కి ముందురోజు నేనూ ఫోర్‌మన్ కొండబాబుగారూ కలిసి బోర్డంతా అలాగే నింపాం."

మర్నాడు పొద్దున్న మిషను నడిపారు. మధ్యాహ్నం విశాఖనుంచి కొనేవాళ్లు రావాలి. కాసేపటికే టపటపమని చప్పుడైంది. ముందు నిలబడిన ఆపరేటర్ అప్పలసూరి కన్ను పట్టుకుని కూలబడిపోయాడు. అనిత, కొండబాబు అతన్ని ఆటోలో వేసుకుని విజయనగరం ఆస్పత్రికి పరిగెత్తారు.

"మర్నాడు స్టోరు తాళం తీసి బోర్డు చూపించారు. ఒక వరసలో విరిగిన సూదులన్నీ నావే. నా కళ్లతో చూశాను. నా డిజైన్ బలహీనంగా ఉందని, మనిషి ప్రాణంతో చెలగాటమాడానని రేపు ఓనరుగారు పోలీసు కంప్లయింటు ఇస్తున్నారు."

"స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుంది?" త్రినాథ్ అడిగాడు.

"కొండబాబుగారి మొలతాడుకి. ఇంకోటి ఆఫీసులో."

త్రినాథ్ అర్థమైనట్టు తలూపాడు. రాజకుమారి మాత్రం సూదిని రెండు వేళ్లమధ్య దొర్లిస్తూ ఉండిపోయింది.

*

ఆస్పత్రి వార్డులో అప్పలసూరి సగం మొహానికి కట్టుతో పడుకుని ఉన్నాడు. మంచం పక్కన భార్య కూర్మమ్మ కూర్చుని ఉంది. అనిత పేరు వినగానే ఆమె మొహం తిప్పుకుంది.

"ఆ పిల్ల మంచిదే అమ్మా," అన్నాడతను. "ఆటోలో నా సెయ్యి ఒదల్లేదు. కానీ ఆ పిల్ల సూదే అంటన్నారు. మరేటి సెప్పమంటారు?"

"మిషను ముందు, సూదులకి అడ్డుగా తలుపు ఉంటుంది కదా. మూసి ఉందా, తీసి ఉందా?"

అతను దుప్పటి పైకి లాక్కున్నాడు. "నానేటీ సెప్పను అమ్మా. ఒకడి కూడు సెడగొట్టడం నాకిష్టం లేదు."

కంటి డాక్టరు సీలు వేసిన చిన్న సీసా తెచ్చి దీపం కింద పెట్టాడు. అందులో నల్లపూస కన్నా సన్నగా సూదిమొన. ఆయన పక్కనుండగానే రాజకుమారి భూతద్దంలోంచి చూసింది.

"చూపు రాదు," అన్నాడు డాక్టరు. "మొన గుచ్చుకున్నంత మాత్రాన అంత నష్టం జరగదు. లోపలికి పోతూ పోతూ మూడు పక్కలా చీల్చుకుపోయింది. ఇది పోలీసులకి అప్పజెప్పాలి. ఆపరేషన్ గదిలో తీసి సీలు వేసినప్పటినుంచీ ఎవరి చేతికీ ఇవ్వలేదు."

బయటికొచ్చాక త్రినాథ్ ఆగలేకపోయాడు. "ఏం కనిపించింది మేడమ్?"

"ఆ రోజు చిందిన మొనల్లో ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చింది ఇదొక్కటే త్రినాథ్. బొబ్బిలి పద."

*

ఫ్యాక్టరీలో నారధూళి పొగమంచులా ఉంది. ఎవరిని పలకరించినా ముందు వెనక్కి చూసి, తరవాతే జవాబు చెబుతున్నారు.

కొండబాబు యాభై దాటిన మనిషి. ప్రశ్న పూర్తికాకముందే చెమటలు పట్టాయి.

"మిషను ముందు తలుపు మూసి ఉందా కొండబాబుగారూ?"

"మూసే ఉన్నాదమ్మా. నానే మూసినాను."

"మూసిన తలుపులోంచి మొన ఎలా వచ్చింది?"

"అది... నాకేటి తెలస్తాది? సందులోంచి వచ్చుంటాది." తాళంచెవి ఉన్న మొలతాడుని అతని చెయ్యి అదేపనిగా తడుముతోంది.

"బోర్డు స్టోర్లో ఎప్పుడు పెట్టారు?"

"ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినాక, సాయంత్రం. ఓనరుగారు ఫోన్లో సెప్పినారు, తాళం ఎయ్యమని. ఏసినాను. మరి ఎవులూ ముట్టుకోలేదు."

"అప్పటిదాకా?"

"మిషన్లోనే ఉన్నాది."

స్టోర్లో బోర్డుని ముందూ వెనకా చూసింది రాజకుమారి. సూదుల తలలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. మధ్య వరసలో సూదులన్నీ సగానికి విరిగి ఉన్నాయి. ఆ వరసలో వంపులు కుడికి, పక్క వరసల్లో ఎడమకి ఉన్నాయి. విరిగిన చోటుకి కాస్త పైన ఒక్కో సూదిమీదా అడ్డంగా సన్నటి నొక్కులు.

"రెండు వరసలూ కలిసొచ్చేలా ఫోటో తియ్యి. తరవాత ఈ నొక్కులు దగ్గరగా," అంది.

ఊడ్చే లక్ష్మణమ్మ గోనెసంచితో పోతుంటే రాజకుమారి ఆపింది. "ఆ రోజు మిషన్లో ఉన్న బట్ట ఏమైందమ్మా?"

"కాల్సీసినానమ్మా. రగతం పడ్డాది గదా. ఓనరుగారు కాల్సీమన్నారని ధర్మేంద్ర సారు సెప్పినారు. పెద్ద బట్టమ్మా, నాకు ఒకపూట పట్టింది. పెరట్లోనే ఉండిపోనాను."

"ఆ పూట లోపల ఎవరున్నారు?"

"ఎవులుంటారు? కరెంటు తీసీసినారు, అందరూ ఇళ్లకి పోనారు. సారు ఒక్కరే ఆఫీసులో."

ఛీఫ్ ఇంజనీరు ధర్మేంద్ర ఇస్త్రీ నలగని చొక్కాతో ఎదురొచ్చాడు. మర్యాదగా కుర్చీలు వేయించాడు. "పాపం, తెలివైన అమ్మాయే. అనుభవం లేదు. పదిహేనేళ్లుగా ఇక్కడ సూదుల ఎంపిక నేనే చూస్తున్నాను, ఒక్క ప్రమాదం లేదు. ఆ కొత్త డిజైన్ వద్దని ఓనరుగారికి మొదటే చెప్పాను."

"బోర్డు నింపేటప్పుడు మీరు ఉన్నారా?"

"లేను. నన్నెవరూ పిలవలేదు. ఆ మాటకొస్తే తాళం కొండబాబు దగ్గరుంటుంది, మీకు తెలుసుగా."

తిరుగుదారిలో త్రినాథ్ అన్నాడు, "కొండబాబు అబద్ధమాడుతున్నాడు మేడమ్. తాళం కూడా అతని దగ్గరే."

"అబద్ధమాడుతున్నాడు, నిజమే. ఏ విషయంలో అన్నదే చూడాలి. అందరూ తాళం గురించే మాట్లాడుతున్నారు. తాళం వెయ్యకముందు బోర్డు ఎక్కడుందో ఎవరూ ఆలోచించడం లేదు."

*

మర్నాడు అందరూ స్టోర్లో చేరారు. గిరిబాబు, ఫిర్యాదు తీసుకోవడానికొచ్చిన ఎస్సై, ధర్మేంద్ర, కొండబాబు, లక్ష్మణమ్మ ఉన్నారు. అనిత గోడకి ఆనుకుని నిలబడింది. రాజకుమారి కోరితే డాక్టరు అనుమతితో అప్పలసూరిని కూర్మమ్మ తీసుకొచ్చింది.

"ఇదంతా ఎందుకండీ?" గిరిబాబు విసుక్కున్నాడు. "విరిగిన సూదులు ఎదురుగా ఉన్నాయి కదా!"

"ఒక్క చిన్న పని, తరవాత మీ ఇష్టం." రాజకుమారి బోర్డులోంచి విరగని సూదులు రెండు తీసి కొండబాబుకొకటి, ధర్మేంద్రకొకటి ఇచ్చింది. "ఈ రెండు ఖాళీల్లో బిగించండి."

కొండబాబు సూదిని దూర్చి, తల వంపు ఎడమకి తిప్పాడు.

ధర్మేంద్ర నవ్వాడు. "పదిహేనేళ్లుగా చేస్తున్న పనికి పరీక్షా?" అని చూడకుండానే టక్కున బిగించాడు. వంపు కుడికి తిరిగింది.

రాజకుమారి ఎస్సైని దగ్గరికి పిలిచింది. "చూశారా? అనిత సూదికి ఒక అంచు నున్నగా ఉంటుంది. దానికి వంపు ఎడమకి ఉండాలి. బోర్డంతా అలాగే ఉంది, విరిగిన వరసలో తప్ప. ఆ వరసలో వంపులు కుడికి ఉన్నాయి, ఇప్పుడు ధర్మేంద్రగారు పెట్టినట్టే. పాత సూదికి మూడు అంచులూ ఒకటే కాబట్టి ఎటు పెట్టినా ఒకటే. ఆయనకి చేతి అలవాటు అది."

"అలవాటుంటే నేరమా?" ధర్మేంద్ర గొంతు పెరిగింది. "విరిగినవి ఆ అమ్మాయి సూదులేగా!"

"ఇప్పుడు బోర్డులో ఉన్నవి ఆ అమ్మాయివే. కానీ అప్పలసూరి కంట్లోంచి తీసిన మొనకి మూడు అంచులమీదా గాట్లున్నాయి. మూడు పక్కలా చీల్చిందని డాక్టరు చెప్పారు, భూతద్దంలో నేనూ చూశాను. ఆయన కన్ను తీసింది పాత సూది."

అనిత చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. కూర్మమ్మ మొదటిసారి ఆమె వైపు చూసింది.

"ట్రయల్‌కి ముందు రాత్రి ఎవరో ఒక వరస కొత్త సూదులు తీసి, అరిగిపోయి పారేసిన పాతవి పెట్టారు. దళసరి నారలో అవి విరిగాయి. మొనలు బట్టలో ఉండిపోయాయి, ఒకటి కంట్లోకి పోయింది. వీళ్లంతా ఆస్పత్రికి పోగానే ఆ మనిషి పాత ముక్కలు ఊడబెరికి, దాచిన కొత్త సూదుల్ని కటింగ్ ప్లేయర్‌తో విరిచి వాటి స్థానంలో గుచ్చాడు. ప్లేయర్ పళ్ల నొక్కులు ఫోటోలో ఉన్నాయి. మిషన్లో విరిగితే అవి ఎందుకుంటాయి? సాయంత్రం కొండబాబు తాళం వేసేసరికే అంతా అయిపోయింది. ఇక మిగిలింది బట్ట. గిరిబాబుగారూ, బట్ట కాల్చమని మీరు చెప్పారా?"

"నేనా? మిషను శుభ్రం చేయించమన్నాను. బట్ట ఊసే ఎత్తలేదు!"

లక్ష్మణమ్మ చేతిలో గోనెసంచి జారిపోయింది. "ఓనరుగారి మాటని మీరే గదా బాబూ సెప్పినారు!"

ధర్మేంద్ర కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు. "అరిగిన సూదులతో బట్టమీద గీత పడాలనుకున్నాను, అంతే," అన్నాడు చివరికి. "కొనేవాళ్ల ముందు ట్రయల్ చెడిపోతే చాలనుకున్నాను. పదిహేనేళ్లు నేను ఎంచిన సూదులు... రెండేళ్ల కిందట చేరిన పిల్ల మార్చేస్తుంటే... మనిషికి తగులుతుందని కలలో కూడా అనుకోలేదు. తలుపు మూసుంటే తగిలేది కాదు!"

కొండబాబు అప్పలసూరి ముందు చతికిలబడ్డాడు. "తలుపు నానే తీసినాను బావా. సూదులెలా ఆడతన్నాయో సూద్దామని. బయపడిపోయి అబద్దం సెప్పినాను. నన్నేటన్నా సెయ్యి."

"నాకు తెల్సురా," అన్నాడు అప్పలసూరి. "నువ్వు నాతోటి ఆటో ఎక్కినావు, దారంతా ఏడిసినావు. ఎస్సై బాబుకి కూడా ఇలాగే సెప్పీ."

తరవాత మిగిలిన ఒక్క కన్నూ ధర్మేంద్రవైపు తిప్పాడు. కేకలు వెయ్యలేదు.

"సారూ, ఆ రోజు మీరొచ్చి, తప్పు సేసినాను సూరీ అనుంటే ఏటనీవోడినో నాకే తెలీదు. కన్ను పట్టుకుని నాను ఆటోలో పొర్లతంటే, తమరు ఇక్కడ కటింగ్ ప్లేరు ఎతుక్కున్నారు."

ఎస్సై ధర్మేంద్ర భుజంమీద చెయ్యివేసి బయటికి నడిపించాడు. గిరిబాబు జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి చించబోయాడు.

"చించేసి లాభం లేదు," అంది రాజకుమారి. "అప్పలసూరి వైద్యమూ బతుకుతెరువూ మీ ఫ్యాక్టరీ బాధ్యత. అది కొత్త కాగితంమీద రాయండి, ఎస్సైగారి ముందే."

అనిత నెమ్మదిగా వచ్చి అప్పలసూరి పక్కన నిలబడింది. నేరం తనది కాదని తేలినా, ఆమె మొహంలో సంతోషం లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. కూర్మమ్మ పక్కకి జరిగి బల్లమీద చోటిచ్చింది.

"కూకో అమ్మా. ఎంతసేపని నిలబడతావు?"

అనిత కూర్చుంది. కాసేపటికి అప్పలసూరి అడిగాడు, "మల్లీ ఎప్పుడు నడుపుతారు మిసను?"

"నడపను సూరిగారూ. నాకు ధైర్యం లేదు."

"అలాగంటే ఎలా? నీ సూది ఇంతకీ ఒక్కసారైనా సరిగ్గా నడవలేదు కదా. బాగుందో లేదో సూడాలి గదా." అతను తడుముకుంటూ ఆమె ముంజేతిని పట్టుకున్నాడు. "నాను కూడా వస్తాను. తలుపు మూసి నడుపుదాం."