కౌంట్ పెరిగిన ఐదు రోజులు

"లోపలికి ఒక్కరే రావాలె," అంది నర్సు జమున.

వరంగల్‌లోని ఆ క్యాన్సర్ ఆసుపత్రి వార్డు తలుపు దగ్గర ఏడుగురు నిలబడి ఉన్నారు. రుక్మిణమ్మ, ఆమె ఆడబిడ్డలిద్దరు, వాళ్ల పిల్లలు ముగ్గురు, అందరికంటే వెనక ఫైలు పట్టుకుని కొడుకు పృథ్వీ. 2011 ఆగస్టు నెల. జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం నడిపే నర్సింగరావు భార్య రుక్మిణమ్మ. ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ రోజు మొదటి కీమో.

"మేమంత ఒక్క ఇంటోళ్లమే సిస్టర్," అన్నాడు పృథ్వీ.

"ఇల్లు ఒక్కటే గావొచ్చు. ముక్కులు ఏడున్నయి గద. ఒక్క ముక్కుకు జలుబుంటె చాలు."

ఆడబిడ్డలు మూతి ముడుచుకుని పిల్లల్ని తీసుకుని బయటికి పోయారు. పృథ్వీ మిగిలాడు.

సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు జమున అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. "గీ మందు క్యాన్సర్‌తోపాటు తెల్ల రక్తకణాలను గూడ తగ్గిస్తది. వారం దాటినంక కౌంట్ బాగ పడిపోతది. అప్పుడు జ్వరమొస్తె మామూలు జ్వరం కాదు. నూరు పాయింట్ నాలుగుకు పోయిందంటె ఎంటనే నాకు ఫోన్ చేయాలె. జ్వరం గోలి మీ అంతట మీరు ఇయ్యొద్దు. గోలీతోని జ్వరం దాక్కుంటది, లోపలి ఇన్ఫెక్షన్ అట్లనే ఉంటది."

థర్మామీటర్ చేతికిచ్చింది. "చదువుండ్రి."

అతను కళ్లు చిన్నవి చేసి చూశాడు. "ఏం కనపడ్తలేదు."

"ఏం చదువుకున్నరు?"

"బీకాం."

"జర తిప్పి పట్టుకుంటె బీకాం వాళ్లకు గూడ కనపడ్తది."

కారు రఘునాథపల్లి దాటేదాకా రుక్మిణమ్మ నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత పృథ్వీ రోజూ పొద్దున, సాయంత్రం జమునకు ఫోన్ చేసి అమ్మ టెంపరేచర్ చెప్పేవాడు. రెండో కీమో అయ్యేసరికి మధ్యాహ్నం కూడా చేయడం మొదలుపెట్టాడు.

"మధ్యాహ్నంది ఎవలడిగిండ్రు?" అంది జమున.

"తెలిస్తె మంచిది గదా అని."

"అది అమ్మ టెంపరేచరేనా, మీదా?"

మర్నాడు మధ్యాహ్నం కూడా పృథ్వీ ఫోన్ చేశాడు. ఇంకో వారం పోయాక ఆమే అడిగింది. "ఈ మధ్య సిస్టర్ అంటలేరు, ఏంది?"

"ఆ మాటకు నోరు తిరుగుతలేదు."

జమున ఫోన్ పెట్టేసింది. మహబూబాబాద్ దగ్గర ఒక లంబాడీ తండాలో అమర్‌సింగ్ అనే రైతు కూతురు ఆమె. మూడేళ్లుగా కీమో వార్డులో ఎంతోమందిని అదుపులో పెట్టిన మనిషి. ఆ మధ్యాహ్నం మాత్రం సెలైన్ స్టాండుకు రెండుసార్లు తగిలింది.

సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు బాయి పని కూడా నిలిచిపోయింది. జనగామ చౌరస్తాలో నిరసనగా రోజూ రోడ్డు మీదే వంటావార్పు. మూడో కీమో అయిన ఎనిమిదో రోజు రుక్మిణమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చౌరస్తాకు పోయింది. గుంపులో ఆడవాళ్ల మధ్య కూర్చుని రెండు గంటలు కూరగాయలు కోసింది.

మర్నాడు మధ్యాహ్నం పృథ్వీ ఫోన్ చేశాడు. "తొంభై తొమ్మిది. గంతే."

"ఫోన్ అమ్మకియ్యుండ్రి," అంది జమున. "అమ్మా, చలి పెడ్తున్నదా?"

"జర."

"గోలి ఏసుకున్నవా?"

రుక్మిణమ్మ గొంతు తగ్గించింది. "ఒక్కటే బిడ్డా. పొద్దుగాల. రోడ్లన్ని బందున్నయి, అందరిని పరేషాన్ జేసుడెందుకని."

జమున ఫోన్ మళ్లీ కొడుక్కిమ్మంది. "పృథ్వీ, అమ్మను తీసుకొని ఇప్పుడే బయలెల్లు. నేను డాక్టర్‌కు చెప్పి సూది తయారుగ పెట్టిస్త. ఎంత జల్ది పడితె అంత మంచిది."

ఆమె తనను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అది పృథ్వీకి రెండు రోజుల తర్వాత గానీ గుర్తు రాలేదు.

తండ్రిని, తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టి అతను కారు తీశాడు. రఘునాథపల్లిలో రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, వాటి ముందు పొయ్యిలు, పెద్ద గిన్నెలు. అక్కడి వాళ్లకు పెద్దమనిషి బాలనర్సయ్య అనే రైతు.

"పొద్దటి సంది పురుడని ఒకడు, సావని ఒకడు," అన్నాడాయన. "అన్ని అబద్ధాలే. ఎనుకకు తిప్పు."

పృథ్వీ మాట్లాడకుండా జమునకు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాడు.

"పెద్దబాపూ, నేను దవాఖాన నుంచి నర్సును," అంది జమున. "ఆ అమ్మ ఒంట్ల రోగంతోని కొట్లాడే కణాలు లెవ్వు. సూది పడకపోతె పొద్దుగూకేటాల్లకు మనిషి మనకు దక్కదు. మీరు రోడ్డు ఎందుకు ఆపిండ్రో నాకు తెల్సు, మా తండోళ్లు గూడ గా పనే చేస్తున్నరు. గీ ఒక్క కారును ఇడువుండ్రి."

బాలనర్సయ్య ఫోన్ తిరిగి ఇచ్చి కారులోకి తొంగిచూశాడు. రుక్మిణమ్మ దుప్పట్లో వణుకుతోంది.

"అన్నా, పప్పు అడుగంటుతున్నది," అందామె. "వాసనొస్తున్నది."

బాలనర్సయ్య వెనక్కి తిరిగి బండ్లు తీయమని కేకేశాడు. తర్వాత తన మోటర్‌సైకిల్ స్టార్ట్ చేశాడు. "ఘన్‌పూర్ల గూడ ఆపుతరు. ముందుగాల నేను పోత, నా ఎంబడి రా."

కాజీపేట దాకా ఆయన బండి ముందు, కారు వెనక.

ఆసుపత్రి గేటు దగ్గర చక్రాల కుర్చీతో జమున నిలబడి ఉంది. ఆమె డ్యూటీ అయిపోయి రెండు గంటలైంది. అప్పటికి జ్వరం నూటమూడు. రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. రిపోర్టు వచ్చింది: తెల్ల కణాలు ఆరు వందలు.

"ఎన్ని ఉండాలె?" అని అడిగాడు నర్సింగరావు.

"నాలుగు వేల పైన."

ఆయన ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు. జమున మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. "మందు లోపలికి పోయింది బాపు. ఒకటి రెండు దినాలు భయమే. నేను అబద్ధం చెప్ప."

రుక్మిణమ్మను విడిగా ఒక గదిలో ఉంచారు. తలుపుకు చిన్న అద్దం. జమున రోజూ పొద్దున కాగితం మీద కౌంట్ రాసి లోపలి నుంచి ఆ అద్దానికి పట్టుకునేది. రెండో రోజు ఐదు వందలు. పృథ్వీ ఆ రోజంతా అక్కడి నుంచి కదలలేదు. మూడో రోజు తొమ్మిది వందలు, జ్వరం దిగింది. నాలుగో రోజు రెండు వేల వంద. ఐదో రోజు నాలుగు వేల మూడు వందలు. ఆ కాగితం చూపించేటప్పుడు మాస్క్ పైన ఆమె కళ్లు తడిగా మెరిశాయి.

తర్వాత తలుపు కాస్త తెరిచి అంది. "ఇగ మధ్యాహ్నం ఫోన్ అక్కర్లేదు."

"నాకు అక్కరున్నది," అన్నాడు పృథ్వీ. అతనికీ మాస్క్ ఉంది కాబట్టి ధైర్యం వచ్చింది. "మధ్యాహ్నం ఒక్కటే గాదు. రోజంత నీతోని మాట్లాడాలని ఉన్నది. పెండ్లి చేసుకుందాం జమునా."

ఆమె కాగితాన్ని మడతపెట్టింది. "మాది తండా, మీది బజారు. ఇయ్యాల మీ అమ్మను అన్నం తినలేదని మందలిస్తున్న. రేపు కోడలిగ మందలిస్తె ఊకుంటదా?"

"ఊకోను," అంది రుక్మిణమ్మ మంచం మీది నుంచి. "నేను గూడ తిరిగి మందలిస్త. ముందుగాల ఆ తలుపు పెట్టుండ్రి, గాలొస్తున్నది."

జమున నవ్వుతూ, సరేనన్నట్టు పృథ్వీకి తలూపి తలుపు వేసింది.

నర్సింగరావు మాత్రం ఒప్పుకోలేదు. చుట్టాలేమంటారన్నాడు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. రుక్మిణమ్మ వాదించలేదు. ఆరు కీమోలూ పూర్తి చేసుకుంది, కౌంట్ సరిగ్గా ఉందని తెలుసుకుంది, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పృథ్వీని వెంటబెట్టుకుని జమున వాళ్ల తండాకు బయల్దేరింది. కారు దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ సీట్లో నర్సింగరావు కూర్చుని ఉన్నాడు.

అమర్‌సింగ్ ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. జమున, తల్లి జమ్లీ కలిసి అందరికీ నులకమంచాలు వాల్చారు. పృథ్వీ జమ్లీకి దండం పెట్టి, తను నేర్చుకున్న లంబాడీ మాటలు నాలుగు అప్పజెప్పాడు. ఆమె ముసిముసిగా నవ్వి, అందులో మూడు సరిదిద్దింది.

అమర్‌సింగ్ నర్సింగరావు వైపే చూశాడు. "సేటూ, ఒక్క మాట. మనసార వచ్చినవా?"

"అబద్ధమెందుకు," అన్నాడు నర్సింగరావు. "సగం మనసుతోనే వచ్చిన. మా వాళ్ల మాటలకు ఇంక భయపడ్తనే ఉన్న. కాని నేను నేల మీద కూలబడ్డ దినం నా పక్కన కూసున్నది నీ బిడ్డ. ఆమె మా ఇంట్ల ఉంటె మాకు ధైర్యం."

అమర్‌సింగ్ చుట్ట పక్కన పెట్టాడు. "నాది గూడ సగమే. మా పిల్లను మీ బజార్ల ఎట్ల చూస్తరో అని. నీ సగం, నా సగం కలిపితె పెండ్లికి సరిపోతది."

నర్సింగరావు నవ్వాడు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి కొడుకు వైపు చూసి, "మిరపకాయల మీద నిలబడ్డవు, జరుగు," అన్నాడు.

పృథ్వీ జరిగాడు. జరిగిన చోట జమున ఉంది.