ఏడు వేళ్ల నొప్పి

ఆమె తలుపు తట్టలేదు. తోసింది.

"మీరు వైద్యం చేస్తారా, కసాయి పనా?"

ఫిజియోథెరపిస్టు చేతిలోని గ్లౌజు జారి కింద పడింది.

"మీరు నొక్కిన దగ్గర్నుంచి రెండ్రోజులు దవడ కదల్లేదు. నేను చదవాల్సిన రేడియో వార్తలు ఇంకొకరు చదివారు. మరోసారి ఎగ్గొడితే మైకు ముందు కూర్చోనివ్వరట!"

"నోట్లో నా వేలుంటే మీరు మాట్లాడలేరనే కదండీ, నొప్పి పదికి ఎంతో వేళ్లతో చూపించమన్నాను? మీరు మూడు చూపించారు. ఇంకాస్త నొక్కాను."

"ఏడు."

"ఏంటి?"

"అప్పుడు నొప్పి ఏడు! ఏడంటే ఎవరు నమ్మి ఏడ్చారు? నాకున్న ఈ ఫైబ్రోమయాల్జియా పని దొంగల జబ్బంటాడు అన్నయ్య. ఈ వయసులో ఒళ్లంతా నొప్పులేంటే అంటుంది అమ్మ. సగం చెబితేనైనా నమ్ముతారని సగమే చెప్పడం అలవాటైపోయింది!"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను గ్లౌజు తీసి చెత్తబుట్టలో వేశాడు.

"తప్పు నాదే. మీ జబ్బుకి మామూలు ఒత్తిడి కూడా దెబ్బలా తగులుతుంది. తెలిసీ తేలిగ్గా మొదలుపెట్టలేదు. ఈసారి ఈకలా తాకుతాను. మీరు మాత్రం నిజం చూపించండి. పన్నెండు చూపించినా నమ్ముతా."

"చేతులకి పదే వేళ్లు సార్."

"కాలివి కలుపుకోండి."

నవ్వబోయి దవడ పట్టుకుంది. "నవ్విస్తే చంపేస్తా!"

ఆరు వారాల్లో ఏడు ఐదైంది, ఐదు మూడైంది. ఈసారిది నిజం మూడు. వార్తలు మళ్లీ ఆమె గొంతులోనే వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే అతను ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"వచ్చే వారం నుంచి మిమ్మల్ని మా సీనియర్ మేడమ్ చూస్తారు."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో, మీకూ విసుగొచ్చిందా? నమ్ముతానని కబుర్లు చెప్పి..."

"విసుగు కాదు. పేషెంటుని కాఫీకి పిలవకూడదు, అది రూలు. నాకేమో పిలవాలనుంది."

ఆమె ఆ కాగితంతోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"ఆ ముక్క ముందు చెప్పి చావొచ్చుగా!"

"కోపం పదికి ఎంత?"

పది వేళ్లూ అతని మొహం ముందు పెట్టింది.

"మరి... నేనంటే ఇష్టం ఎంత?"

ఆమె వంగి చెప్పు తీసింది. అతను గోడదాకా వెనక్కి తగ్గాడు. రెండోది కూడా తీసి, చేతి వేళ్లన్నీ చాచి, కాలి వేళ్లు ఆడించింది.

"లెక్కపెట్టుకోండి. కలుపుకోమన్నది మీరేగా!"