కుడి భుజం మీద జన్యువు

“ఈ పనికి నీ ముక్కు పనికిరాదు, రాహిల్,” అంది చీఫ్ జయశీల.

శంషాబాద్ హోటల్ గదిలో ఏజెంట్ రాహిల్ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఇవాళ అతను క్యాబ్ డ్రైవర్.

“గగన్‌పహాడ్ ల్యాబ్‌లో ఒక జన్యువు పోయింది. ఓఆర్5ఏ1. ముక్కులో ఒక పూలవాసనను పట్టే ప్రోటీన్ దాన్నుంచే తయారవుతుంది. మనవాళ్ళు దాన్ని మార్చి, బాంబులు పసిగట్టే యంత్రంలో పెట్టారు. అది శత్రువు చేతికి చిక్కితే, ఆ యంత్రానికి దొరకని బాంబు విమానం ఎక్కుతుంది.”

“ఎట్ల దాటిస్తున్నరు మేడమ్?”

“గోరంత కాగితం మీద ఆరబెట్టి, ఇమామ్ జామిన్‌లో దాచారు. ల్యాబ్‌లో పరీక్షలకు వాడే ఆ పూలవాసన కాగితానికి అంటింది. కొందరికి పుట్టుకతోనే ఆ వాసన అందదు. నీకూ అంతే. నీతో వచ్చే మన ఏజెంట్ తస్నీమ్‌కు అందుతుంది.”

“ఆమె ఆ శత్రువుల దగ్గర గూడ జీతం తీసుకుంటది.”

“అందుకే నిన్ను పంపుతున్నాను.”

ఎయిర్‌పోర్ట్ గేటు ముందు గల్ఫ్ ప్రయాణికుల గుంపు. ప్రతి కుడి భుజానికీ ఇమామ్ జామిన్. క్షేమంగా చేరాలని నాణెం చుట్టి కట్టే గుడ్డ పట్టీ అది.

“ఉబేద్, దిగంగనే ఫోన్ చెయ్యి.”

“జర వదులు అమ్మీ, ఫ్లైట్ పోతది.”

“పోనియ్, ఇంకోటొస్తది.”

నల్లకళ్ళద్దాల తస్నీమ్ వాళ్ళను రాసుకుంటూ నడిచింది. రాహిల్ చెవిలోని ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు పలికింది. “చాయ్ దొరికింది. ఆకుపచ్చ చొక్కా పిలగాడు.”

చాయ్ అంటే ఆ జన్యువు. పిలగాడంటే ఉబేద్. రాహిల్ రెండడుగులు వేసి ఆగాడు. ఆ పట్టీని తల్లి ఇంకా ముడి వేస్తూనే ఉంది.

అద్దాల తలుపు దగ్గర మరొకడు టికెట్ చూపిస్తున్నాడు. అతని భుజానికీ పట్టీ ఉంది. ముడి కొస తడిగా నలిగి ఉంది. పంటితో లాగి బిగించుకున్నాడు.

రాహిల్‌కు ఎప్పుడూ అమ్మే కట్టేది. ఎవరూ తమకు తాము కట్టుకోరు. ఇక్కడ విమానం ఎక్కే ఒక్కడి కోసం ఇంటిల్లిపాదీ వస్తారు. వీడి వెనక ఎవరూ లేరు.

జవాను టికెట్ తిరిగిచ్చాడు. తలుపు తెరుచుకుంది. రాహిల్ దూకి ఆ భుజం పట్టుకున్నాడు.

పట్టీలో నాణెం లేదు. గోరంత కాగితం ఉంది.

వెనుదిరిగిన తస్నీమ్‌కు ఇద్దరు పోర్టర్లు అడ్డొచ్చారు. ఇద్దరూ జయశీల మనుషులే. ఆమె పర్సులో అదే విమానానికి టికెట్ ఉంది.

“నీకు వాసనే రాదు గద, ఎట్ల పట్టినవ్?”

“వాణ్ణి సాగనంపనీకి ఎవరూ రాలే.”

ఆమె నవ్వింది. “నాకూ ఎవరూ రాలే.”

రాహిల్ బేడీలు తీశాడు.

“నేనొచ్చిన గద.”