గంధకం లేని మట్టి

“ఆగండి! అక్కడే ఆగండి! లోపలికి రావద్దు!”

గుమ్మంలో ఒక కాలు పెట్టిన అఖిలేష్, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. జుట్టులోంచి, చొక్కాలోంచి, చేతిసంచీలోంచి నీళ్లు కారుతున్నాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో దిగి, పటమట సందుల్లో ఈ మేడ వెతుక్కుని వచ్చేసరికి వాన అతన్ని నిలువునా తడిపేసింది.

గదిలో ఉన్న అమ్మాయి అతని వంక చూడనైనా లేదు. ఏప్రన్ కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, చేతిలో కప్పులోంచి చిక్కటి ద్రవాన్ని సన్నటి ధారగా అచ్చులోకి పోస్తోంది.

“సింధూరిగారిల్లు ఇదేనా అని...”

“ఇదే. ముందు తలుపు వెయ్యండి. తేమ తగిలితే ఈ ప్లాస్టిక్ రెసిన్ పొంగిపోతుంది.”

“తలుపు వేస్తే నేను బయటుంటానండీ.”

“అందుకేగా వెయ్యమంది!”

అఖిలేష్ బుద్ధిగా తలుపు వేసి బయట నిలబడ్డాడు. వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడ, సింధూరి నాయనమ్మ సుబ్బరత్నం, తువ్వాలు అందించింది.

“ఏమనుకోకు బాబూ. వాన పడితే దానికి మనుషులు ఆనరు. మొన్న నన్నూ గెంటేసింది. తల తుడుచుకో.”

కాసేపటికి తలుపు తెరుచుకుంది. సింధూరి అరచేతిలో ఇడ్లీలా ఉబ్బిన ముక్క ఒకటి ఉంది.

“ఇది పాత కారు ఏసీ నాబ్ అవ్వాల్సింది. ఇలా అయింది. మీ పుణ్యమే.”

“సారీ అండీ.”

“పర్లేదు, మళ్లీ పోస్తాను. చెప్పండి, ఏం విరిగింది?”

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లంతా ఏదో ఒకటి విరగ్గొట్టుకునే వస్తారు మరి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, కంపెనీ ఉద్యోగం విసుగెత్తి మానేసి, మేడ మీద గదిలో ఈ పని పెట్టుకుంది సింధూరి. మిక్సీ మూత నాబ్, ఫ్రిజ్ తలుపు రబ్బరు, బజార్లో దొరకనిది ఏది తెచ్చినా సిలికాన్‌తో అచ్చు తీసి, అలాంటిదే ప్లాస్టిక్‌తోనో రబ్బరుతోనో పోసిస్తుంది.

అఖిలేష్ సంచీలోంచి ఒక గరిటె తీశాడు. కాడ చుట్టూ రంగురంగుల మట్టి ముద్ద, దాని మీద వేళ్ల గుర్తులు.

“విరిగింది గరిటె కాదండీ. మా అమ్మ చెయ్యి... అంటే, ఎముక కాదు. పోయినేడు పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి. కుడిచేతి వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. సన్నటి కాడైతే జారిపోతుంది. ఒకరోజు అట్లు వేస్తుంటే గరిటె జారి పిండంతా పొయ్యి మీద పడింది. ఆవేళ్టి నుంచి వంటింట్లోకే వెళ్లడం లేదు. ఈ గుర్తులు ఆవిడ వేళ్లవే, వీటికి సరిపడే లావు పిడి కావాలి.”

సింధూరి మొహంలో విసురు పోయింది. గరిటె అందుకుని మట్టిని వాసన చూసింది.

“ఎక్కడ కొన్నారిది?”

“మా చల్లపల్లిలో, బడి పక్క కొట్లో. పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి.”

“అయ్యో, ఇందులో గంధకం ఉంటుందండీ. నా సిలికాన్‌కి అస్సలు గిట్టదు. దీని మీద పోస్తే ఎన్నాళ్లున్నా గట్టిపడదు, బంకలా అంటుకుని ఉంటుంది. అసలు మీ అమ్మగారినే తీసుకురండి.”

“రాదండీ. గుమ్మం దాటి ఏడాదయింది. ఎదురైనవాళ్లంతా ముందు చేతివంకే చూస్తున్నారని...”

సింధూరి అల్మారా తెరిచింది. బూడిదరంగు మట్టి ముద్ద ఒకటి కవర్లో చుట్టి ఇచ్చింది. “ఇది గంధకం లేని మట్టి. దీన్నే వాడండి.”

పామర్రులో బ్యాంకు ఉద్యోగం అతనిది. తర్వాతి ఆదివారం కోసం వారమంతా ఎదురుచూడటం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి.

ఈసారి అమ్మ వేళ్లు నొక్కిన బూడిదరంగు మట్టి ముద్దతో గరిటెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. “పామర్రులో ఎక్కినావిడ ‘తినేదేనా బాబూ?’ అనడిగిందండీ” అని చెబితే సింధూరి కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వు కోసం చల్లపల్లి నుంచి నడిచి రమ్మన్నా అతను వచ్చేవాడే.

సిలికాన్ పోస్తూ అడిగింది. “అమ్మగారి అట్లు అంత బాగుంటాయా?”

“చాలా. కానీ నాకెప్పుడూ మొదటి అట్టే. మా ఇంట్లో మొదటి అట్టు చుట్టాలకి పెట్టరు. అదెప్పుడూ చిరుగుతుంది కదా, ఇంట్లోవాళ్లే తినాలంటుంది అమ్మ.”

“పాపం! జీవితమంతా చిరిగిన అట్లేనా?”

“చిరిగినా అది మనదన్నమాటే కదండీ.”

ఆమె తల వంచుకుని అచ్చు వంకే చూసింది కానీ, పెదవి చివర నవ్వు మాత్రం దాగలేదు.

వారం తిరిగాక అచ్చు విప్పితే లోపలంతా జిగురు. సింధూరి తనని తనే తిట్టుకుంది. కొలత తప్పి ఉంటుంది, పోనివ్వండి అంది. కొత్త మట్టి ఇచ్చింది. అతను అమ్మ చేతి ముద్ర మళ్లీ తెచ్చాడు, ఆమె మళ్లీ పోసింది. ఈమధ్యలో ఇద్దరూ ‘అండీ’లు వదలకుండానే ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. ఎక్కువగా సిలికాన్ గురించే!

మళ్లీ విప్పారు. మళ్లీ జిగురే.

ఈసారి సింధూరి లోపలి మట్టిని గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం ఎర్రబడింది.

“ఇది నేనిచ్చిన మట్టి కాదు.”

“అదేనండీ! మీరిచ్చిందే.”

“రంగు ఒకటే. వాసన వేరు. నా మట్టే కదా అని చూడకుండా పోశాను, నాదే బుద్ధి తక్కువ. గంధకం సంగతి మీకు తెలుసు. నేనే చెప్పాను.”

“ఇంకోసారి రావచ్చని మార్చాడేమోనే” అంది వరండాలోంచి సుబ్బరత్నం, మంట చల్లార్చబోయి.

సింధూరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “రావాలనుంటే ఊరికే రావచ్చుగా! దానికి మీ అమ్మగారి చెయ్యి అడ్డం పెట్టుకోవాలా? అక్కడ ఆవిడ గరిటె కోసం ఎదురుచూస్తుంటే, మీకిది ఆటగా ఉందా?”

అఖిలేష్ నోరు తెరిచాడు. మట్టి మార్చింది నేను కాదు అని చెప్పొచ్చు. కానీ మళ్లీ మళ్లీ రావాలని ఉందా అంటే, ఉంది. ఒకటి కాదంటే రెండోది కూడా కాదన్నట్టవుతుందేమోనని అతను ఏదీ చెప్పలేకపోయాడు. గరిటె తీసుకుని మెట్లు దిగాడు. వానలో తడిసి వచ్చిన రోజే ఇంతకంటే నయంగా ఉంది.

ఇంటికి రాగానే అమ్మనడిగాడు. రమాసుందరి ఎడమచేత్తో పేపరు మడతపెట్టి, కళ్లజోడు తీసింది.

“నేనే మార్చానురా.”

“అమ్మా!”

“హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. గంధకం ఏం చేస్తుందో నాకు తెలియదా? నువ్వే చెప్పావుగా, అన్నం తింటూ. ఆ అమ్మాయి ఇలా అంది, అలా అంది అని. పక్కింటి సంపూర్ణమ్మ చేత బడి పక్క కొట్లోంచి బూడిదరంగుది తెప్పించాను.”

“ఎందుకమ్మా?”

“నేను పడిపోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నువ్వు నవ్వగా చూళ్లేదు నాన్నా. ఆ మేడ ఎక్కి దిగిన రోజు మజ్జిగన్నం కలుపుకుంటూ నీలో నువ్వే నవ్వుకున్నావు. గరిటె వచ్చేస్తే మళ్లీ ఏ వంకతో వెళ్తావు? నువ్వు నోరు తెరిచి అడిగే రకమా? గరిటె ఏడాది ఆగింది, ఇంకో నెల ఆగలేదా అనుకున్నాను.”

“ఆ అమ్మాయి నన్ను మోసగాడనుకుంటోందమ్మా” అన్నాడు.

రమాసుందరి తన కుడిచేతిని చూసుకుంది. ఆ చేతిని నలుగురిలో చూపించాల్సి వస్తుందన్న భయం ఆమెకి ఎంతుందో అఖిలేష్‌కి తెలుసు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లనని మొండికేసిన మనిషి.

“పొద్దున బస్సుకి నన్ను తీసుకెళ్లు” అంది.

దారంతా ఆమె చెయ్యి పమిట కిందే ఉంది. పటమటలో మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. తలుపు తీసిన సింధూరి, వెనకాల అఖిలేష్‌ని చూసి మొహం తిప్పుకోబోయింది.

“మట్టి మార్చింది నేనమ్మా, వీడు కాదు” అంది రమాసుందరి ఆయాసపడుతూ. “వీడికి నిజం చెప్పడమే సరిగ్గా రాదు, ఇంక అబద్ధమేం ఆడతాడు? నీ సరుకు పాడుచేశాను, నిన్ను ఏడిపించాను. అందుకే ఈసారి మట్టి తేలేదు. చెయ్యే తెచ్చాను.”

పమిట కిందనుంచి చెయ్యి బయటికి తీసింది.

సింధూరి రెండు చేతుల్తో దాన్ని అందుకుంది. జాలిపడలేదు, చూపు తిప్పుకోలేదు. ఆవిడని కూర్చోబెట్టి, గరిటె కాడకి మట్టి చుట్టి, ముడుచుకోని వేళ్లని ఒక్కొక్కటే దాని మీద ఆనించింది.

“చిటికెనవేలు దగ్గర ఇంకాస్త మందం కావాలి ఆంటీ. ఇలా పట్టుకుంటే నొప్పిగా ఉందా?”

“లేదమ్మా” అంది రమాసుందరి. ఏడాదిగా ఆ చేతిని అంత మామూలుగా పట్టుకున్నవాళ్లు లేరు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే సుబ్బరత్నం వచ్చి పక్కన కూర్చుని, చల్లపల్లిలో చిక్కుడుకాయలు ఎలా ఉన్నాయని అడిగింది.

వరండాలో సింధూరి అఖిలేష్‌తో నెమ్మదిగా అంది. “ఆ రోజు మీరు కాదని ఎందుకు చెప్పలేదు?”

“మట్టి మార్చలేదని చెప్పగలను. మళ్లీ రావాలని లేదని చెప్పలేనండీ.” ఊపిరి పీల్చుకున్నాడు. “మీరంటే నాకు చాలా ఇష్టం. అదీ అసలు సంగతి.”

“ఈ మాట చెప్పడానికి ఎంత సిలికాన్ ఖర్చయిందో చూశారా!” అంది. కాసేపు కొంగు చివర పట్టుకుని తిప్పింది. “గరిటె నేనే చల్లపల్లి తెచ్చిస్తాను. దానికోసం మీరు రానక్కర్లేదు.”

అఖిలేష్ మొహం వాడింది.

“మీరు ఊరికే రండి” అంది సింధూరి.

ఆమె చల్లపల్లి వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఆ నాబ్ ఉబ్బిపోయినప్పట్నుంచి వానలో రెసిన్ పోయడం మానేసింది కాబట్టి నాయనమ్మని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. గరిటె కాడకి ఇప్పుడు మెత్తటి నల్లరబ్బరు పిడి ఉంది. ఏ వేలి పల్లం ఆ వేలిదే. రమాసుందరి పట్టుకుంటే, చెయ్యి దానిలో కుదురుగా అమరింది.

పొయ్యి వెలిగింది. పెనం కాలింది. ఆమె పిండి ముంచి పెనం మీద పోసి, గరిటెని గుండ్రంగా తిప్పింది. గరిటె జారలేదు. చెయ్యి మాత్రం వణికింది. అట్టు ఒకపక్క మందం, ఒకపక్క పల్చన, తీసేటప్పుడు అంచు చిరిగింది కూడా. అయినా వంటింట్లో ఉన్న నలుగురూ ఊపిరి వదిలారు.

అఖిలేష్ అలవాటుగా కంచం ముందుకి జరిపాడు. అమ్మ అతన్ని దాటుకుంటూ వెళ్లి, ఆ మొదటి అట్టుని సింధూరి కంచంలో వేసింది.

“రెండోది పిన్నిగారికి, చుట్టాలు కదా” అంది సుబ్బరత్నం వైపు చూసి, ఏమీ ఎరగనట్టు.

సింధూరి చిరిగిన అట్టు వంక చూసింది. అఖిలేష్ వంక చూసింది. నాయనమ్మ నవ్వాపుకుంటూ కిటికీలోంచి వాన చూస్తోంది.

సింధూరి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

“చాలా బాగుంది” అంది. “అల్లప్పచ్చడి ఉందా, అత్తయ్యా?”