చెయ్యి ఎవరిదైతేనేం

"రేపు విచారణలో ఒక్క ముక్క చెప్పు చాలు. యంత్రం ఆగకముందే ఆ పిల్లే తొందరపడి తలుపు తీసిందని," అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో అతను మేస్త్రీ, ఆమె దుప్పట్లు మడతపెట్టే మనిషి. లోపల డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ యంత్రం తలుపు తెరుచుకోకుండా ఒక గొళ్ళెం పట్టి ఉంచుతుంది. పని త్వరగా తెమలాలని ఆ గొళ్ళేన్ని గుడ్డపీలికతో వెనక్కి లాగి కట్టింది భర్తే. ఆమె కళ్ళారా చూసింది. చూసి కూడా నోరు మెదపలేదు... నిన్నగాక మొన్న పనిలో చేరిన పొట్టిపిల్ల, ఆగిందనుకుని తలుపు తీసి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది. ఆ కేక గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు.

"ఓనరు కట్టమన్నాడు, కట్టాను. చెప్పిన పని చెయ్యడం కూడా తప్పేనా?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా," అత్తగారు అందుకుంది. "మొగుణ్ణి పట్టించిందని నలుగురూ నీ మొహాన ఉమ్మేస్తారు."

ఆరేళ్ళ చిన్నది తండ్రి ఒళ్ళోకి చేరింది. "నాన్నా, పోలీసులు కొట్టకపోతే తప్పు చేయనట్టేగా?"

"అంతే తల్లీ," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె గుండె చెరువైంది. ఆరేళ్ళ పిల్లదీ నలభై ఏళ్ళ మనిషిదీ ఒకటే న్యాయమైతే, మధ్య సంవత్సరాలన్నీ ఏ గాలికి పోయినట్టు?

పదహారేళ్ళ పెద్దది వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, ఆ చెయ్యి నాదైతే ఏం చెప్పేదానివి?"

"నువ్వు నా కూతురివే..."

"నీ కూతురిదైతేనే అది చెయ్యా? నాన్నంటే నాకూ ప్రాణమే. కానీ నువ్వు అబద్ధం చెబితే చెయ్యి పోగొట్టుకున్నదే దోషి అవుతుంది."

తను కన్న బిడ్డ తనకంటే ఎప్పుడు పెద్దదైందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు విచారణ గదిలో కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. "గొళ్ళేన్ని కట్టింది మా ఆయన, ఓనరు మాట మీద. నేను చూశాను. చూసి ఊరుకున్నాను." భర్త ఆమె వంక చూడలేదు. ఆ తరవాత కూడా చూడలేదు.

అతని మీద కేసు పడింది. ఇద్దరి పనీ పోయింది. అతను తల్లిని తీసుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. పెద్దది చదువు మాని బట్టల దుకాణంలో చేరింది, ఒక్క మాట అనకుండా.

ఓ సాయంత్రం చిన్నది తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, నువ్వు నిజమే చెప్పావుగా. మరి మనకెందుకు శిక్ష?"

పెద్దయ్యాక తెలుస్తుందనబోయి ఆగింది. ఆ ఇంటి పెద్దలకే తెలియలేదు కదా...

"నాకూ తెలియదే తల్లీ," అంది పిల్లను గుండెకు అదుముకుని. "కానీ మళ్ళీ అడిగినా అదే చెబుతాను."