పదకొండేళ్లు వెనకబడ్డ కంప్యూటర్

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో అందరి కాఫీలూ అయ్యాయి, ఉతికిన బట్టలు తీగ మీదికి ఎక్కాయి. కోడలు మాత్రం కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. తెర మీద నాలుగు రోజులుగా అవే ఎర్ర అక్షరాలు: "అప్‌డేట్ విఫలమైంది. సర్వర్‌ను ధ్రువీకరించలేకపోయాం. మళ్ళీ ప్రయత్నించండి."

ప్రయత్నించడంలో ఆమె ఏ లోటూ చేయలేదు. ఆటను తెరిచే లాంచర్ ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్ళీ పెట్టింది. పాత ఫైళ్లన్నీ తుడిచేసింది. వైఫై పెట్టెను బతిమాలింది, తిట్టింది కూడా. ఆట కంపెనీకి రాస్తే "మీ సహనానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఆ సహనం తన దగ్గర ఉందని వాళ్లకెవరు చెప్పారో ఆమెకు అర్థం కాలేదు.

పదకొండింటికి ఆన్‌లైన్ ఆటల పోటీ ఫైనల్. ఆరుగురు ఆడవాళ్ల జట్టుకు ఆమే నాయకురాలు. ఐదు నెలలుగా ఇంటి పనులయ్యాక మధ్యాహ్నాలు ఆడి ఆడి ఇక్కడిదాకా వచ్చారు. అప్‌డేట్ ఎక్కకపోతే ఆటలోకి రానివ్వరు, ఒక్కరు తగ్గినా జట్టు మొత్తాన్నీ తీసేస్తారు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఫలానావారి భార్య అనో, ఫలానావారి కోడలు అనో అనిపించుకోవడమే తప్ప, "కెప్టెన్" అని పిలిచింది ఆ ఐదుగురే. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

"ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా. మందుల షాపు నడిపే ఆయనకు కంప్యూటర్ల విషయంలో తెలిసిన వైద్యం అదొక్కటే.

"పదిసార్లు చేశానండీ."

"పదకొండోసారి?"

ఆయన మీదికి విసరడానికి చేతికందేంత దూరంలో ఏమీ లేకపోవడం వల్ల ఆమె లేచి మంచినీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. గోడ పక్కన మామగారు ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

నలభై ఏళ్లు చేతిగడియారాలు బాగుచేసిన మనిషి ఆయన. వేళ్లు వణకడం మొదలై ఆర్నెల్ల కిందట దుకాణం మూసేశారు. అప్పటినుంచీ ఆయన కన్ను ఇంటి మీద పడింది. కారని కుళాయిలు బిగిస్తారు, కిర్రుమనని తలుపులకు నూనె పోస్తారు.

"మామయ్యా! మీరేనా తీసింది?"

"ఎవరూ వాడకపోయినా ఊరికే కరెంటు తాగుతోందమ్మా. రోజూ పొద్దున్నే అన్ని ప్లగ్గులూ పీకేది నేనేగా."

"రోజూనా!" ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "నాలుగు రోజులుగా నేనిక్కడ చస్తున్నాను. మీకు చేతులు ఊరుకోవా? దుకాణం మూశాక ఈ ఇంటి మీద పడ్డారు. బాగున్నవాటిని కూడా పాడు చేస్తున్నారు!"

ఆ మాట నోరు దాటాక గాని దాని బరువు ఆమెకు తెలియలేదు. భర్త పేపరు దించాడు. మామగారు వంగి, ప్లగ్గు మళ్ళీ పెట్టబోయారు. వణికే చేతికి గోడలోని కన్నాలు దొరకడానికి మూడుసార్లు పట్టింది.

కంప్యూటర్ వెలిగింది. ఆయన వెళ్ళిపోబోతూ, ఏ గదిలోనైనా ముందు గడియారం వెతికే అలవాటు కొద్దీ తెర అడుగున మూలకి చూశారు. ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇది ఏ సంవత్సరం?"

"అదేంటి మామయ్యా?"

"ఈ కంప్యూటర్ పదకొండేళ్లు వెనకుంది."

నిజమే. నాలుగు రోజులుగా ఆ మూలకి ఎవరూ చూడనే లేదు. ఆమె నుదురు కొట్టుకుంది. "ఆట కంపెనీ పంపే గుర్తింపు పత్రం ఈ ఏడాదిది. దీని లెక్కలో అదింకా పుట్టనే లేదు. ఇంకెలా నమ్ముతుంది!"

తేదీ సరిచేసి మీట నొక్కగానే పచ్చగీత కదిలింది. ముగ్గురూ ఒక్కసారే కేక పెట్టారు. పది గంటలకు గీత చివరిదాకా వెళ్లి, "కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి" అని అడిగింది.

"నాకు వదిలెయ్!" అంటూ భర్త ఉత్సాహంగా లేచి, గోడమీది స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు.

ఎర్ర అక్షరాలు. మూల చూస్తే మళ్ళీ పదకొండేళ్లు వెనక.

"ఆయన్ని ఏమీ ముట్టుకోనివ్వకండి మామయ్యా," అంది ఆమె ఏడవలేక నవ్వుతూ.

మామగారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "కరెంటు పోగానే టైము మరిచిపోతోందంటే లోపల బిళ్ల బ్యాటరీ చచ్చిపోయిందన్నమాట. నేను రోజూ ప్లగ్గు పీకి దాన్ని మతిమరుపులో పడేశాను. తప్పు నాదీ ఉందమ్మా. తేదీ మళ్ళీ దిద్దుకోవచ్చు, కానీ ఆట మధ్యలో కరెంటు రెప్పపాటు పోయినా మళ్ళీ ఇదే గోల."

దుకాణం నుంచి తెచ్చి బీరువాలో దాచుకున్న పెట్టె తీశారు. అందులో చొక్కా బొత్తామంత బ్యాటరీ నుంచి పెద్ద బిళ్లల దాకా వరసగా ఉన్నాయి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పక్క రేకు విప్పారు. సన్నని పట్టకారుతో కొత్త బిళ్ల పట్టుకున్నారు. అది జారింది. రెండోసారీ జారింది. ఆయన పట్టకారు బల్ల మీద పెట్టేశారు.

"నావల్ల కాదమ్మా."

ఆమె దాన్ని అందుకుంది. "మీరు చెప్పండి, నేను పెడతాను."

"కొక్కెం లాగకు, పక్కకి జరుపు. రాతలున్న వైపు పైకి. ఊపిరి బిగపట్టకు, చెయ్యి బిగుసుకుంటుంది... అదీ."

టక్కుమని బిళ్ల కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మామయ్యా, ఇందాక నేనన్నది..."

"అదా? అది పదకొండేళ్ల కిందటి మాట. వదిలెయ్," అన్నారాయన. ఆమెకు నవ్వూ కన్నీళ్లూ కలిసే వచ్చాయి.

తేదీ మళ్ళీ సరిచేశాక, పది యాభై రెండుకు ఆట తెరుచుకుంది. మామగారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఆటలో ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తెలియకుండానే "వెనక! వెనక!" అని అరిచారు. చిత్రమేమిటంటే రెండుసార్లు వెనక నిజంగానే శత్రువు ఉన్నాడు. చివరి అర నిమిషంలో జట్టు గెలిచింది. ఇంట్లో లేచిన కేకలకు పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

"కెప్టెన్, ఇంతకీ కంప్యూటర్ బాగుచేసిందెవరు?" స్పీకర్లోంచి అడిగింది నర్సక్క, ఇదే ఊళ్లో నర్సుగా పనిచేసే జట్టు సభ్యురాలు. కోడలు మైకు మామగారి ముందుకు జరిపింది. ఆయన గొంతు సవరించుకుని మొదటినుంచీ చెప్పుకొచ్చారు, కొడుకు వైద్యంతో సహా. అవతల ఐదుగురూ పడీపడీ నవ్వారు.

"మామయ్యగారూ," అంది నర్సక్క నవ్వు ఆపి, "మా నాన్న చేతిగడియారం ఆగిపోయి మూడేళ్లయింది. అందరూ ఇక నడవదన్నారు. మీరొకసారి చూస్తారా?"

ఆయన ముఖంలో వెలుగు తగ్గింది. రెండు చేతులూ ఒళ్లోకి తీసుకున్నారు. "నేను... దుకాణం..."

కోడలు మైకు దగ్గరికి వంగింది. "తీసుకురా అక్కా. చూసేది మామయ్యగారు, పట్టకారు పట్టేది నేను. రేపట్నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్లోనే దుకాణం తెరిచి ఉంటుంది."

మామగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత మైకులోకి గట్టిగా చెప్పారు.

"మూడింటిలోపు రా తల్లీ. ఆ తర్వాత మాకు ప్రాక్టీసు ఉంటుంది."