యక్షిణి ఇంటికి వెళ్ళిన శుభపత్రం

పిల్లలూ, ఈ కథలో నవ్వుకునే చోట్లు తక్కువ. ముందే చెబుతున్నాను, తరువాత నన్ను దెప్పొద్దు.

రత్నగిరి రాజ్యంలో ఒక ఉదయం పసిపిల్లలెవరూ నిద్ర లేవలేదు. తల్లులు ముఖాన నీళ్ళు చల్లారు, చక్కిలిగింతలు పెట్టారు, ఏడ్చి మొత్తుకున్నారు. ఊహూ! ఊపిరి ఆడుతోంది కానీ ఒళ్ళు రోజురోజుకూ చల్లబడుతోంది. రాజవైద్యులు నాడి చూసి తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

చెంగల్వ తమ్ముడు సింగన్న కూడా అలాగే పడి ఉన్నాడు. తల్లీ తండ్రీ లేని ఆ ఇంట్లో వాడికి అక్క, అక్కకు వాడు. అంతే. చెంగల్వ రాజుగారి అచ్చుశాలలో శుభపత్రాలు తయారుచేసేది. కొత్త సంవత్సరం వస్తే ఆ రాజ్యంలో ప్రతి గడపకూ ఒక శుభపత్రం అందాలి. దళసరి కాగితం మీద చెక్క అచ్చులకు రంగు అద్ది, చేత్తోనే వెయ్యాలి.

తమ్ముడి చల్లటి పాదాలు ఎంత రుద్దినా వెచ్చబడకపోయేసరికి, ఆమె వాణ్ణి పొరుగింటి అవ్వకు అప్పగించి అడవిలో తపస్సు చేసుకునే ముని దగ్గరకు పరుగెత్తింది.

"ఇది జబ్బు కాదు తల్లీ, శాపం. ఈసారి మీ రాజు కొండకోనల్లో ఉన్నవాళ్ళకు కూడా శుభపత్రాలు పంపాడు కదా! మబ్బుకొండ గుహలో ఒక యక్షిణి ఉంది. ఒక్కగానొక్క కొడుకు పోయిన మర్నాడే ఆమెకు మీ పత్రం అందింది. దాని మీద ఏముందో తెలుసా? 'పిల్లాపాపలతో కళకళలాడండి' అని!" అన్నాడు ముని.

చెంగల్వకు అప్పుడు గుర్తొచ్చింది. మామూలుగా ప్రతి ఇంటి మంచిచెడ్డలు కనుక్కుని, దానికి తగిన అచ్చు ఎంచుకోవడం వాళ్ళ పద్ధతి. ఈ ఏడు మోయలేనంత పని వచ్చి మీద పడింది. ఎవరున్నారో, ఎలా ఉన్నారో అడగకుండా కొండవాళ్ళందరికీ ఒకే అచ్చు గుద్దేసింది.

"ఆ అచ్చు వేసింది నేనే, స్వామీ! నా తమ్ముణ్ణి నేనే చంపుకుంటున్నాను," అని భోరుమంది.

"అమావాస్య దాటితే పిల్లల ఊపిరి ఆగిపోతుంది. ఎందరో వీరులు వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు. వెళ్ళమనలేను, వద్దనలేను," అన్నాడు ముని.

చెంగల్వ అచ్చుల మూట, రంగుల మూట భుజాన వేసుకుని బయలుదేరింది. మంచి అచ్చు వేసి క్షమించమని అడుగుదామని ఆశ. దారిలో ఒక పెద్ద ఏరు అడ్డం వచ్చింది. అందులోంచి ఒక మొసలి తల ఎత్తింది.

"ఏం పిల్లా, దాటాలా? ఆ లక్క ఎరుపు, నీలిమందు నాకిచ్చెయ్. ఈ గరుకు ఒంటికి కాస్త రంగు పూసుకుంటే పెళ్ళవుతుందేమో చూస్తాను," అంది.

"రంగులు లేకపోతే నేనేం చేసేది, మొసలిమామా?"

"అది నీ గోల. నా పెళ్ళి నా గోల!"

చేసేదిలేక రంగులన్నీ ఇచ్చేసి, దాని వీపెక్కి ఏరు దాటింది. అవతల మంచులోయలో ఒక రాక్షసుడు పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాడు.

"ఎండుకట్టె వాసన! మూట ఇటు పారెయ్. లేకపోతే నిన్నే నమిలేస్తా," అన్నాడు.

మూట ఇచ్చెయ్యక తప్పలేదు. తాతల నాటి అచ్చులు ఒక్కొక్కటే మంటలో కాలిపోతుంటే చెంగల్వ కళ్ళు తుడుచుకుంటూ లోయ దాటింది. ఇక మిగిలినవి నడుముకు దోపుకున్న ఉలి, కొన్ని కాగితాలు. వెనక్కి పోదామా అనిపించింది. వెనక్కిపోతే మాత్రం చూసేది ఏమిటి? తమ్ముడు పోవడమే కదా! ఏడుస్తూనే కొండెక్కింది.

గుహ ముందు వీరులందరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. లోపల యక్షిణి ఖాళీ ఊయల ఊపుతోంది.

"నువ్వేం తెచ్చావు? వాళ్ళు కత్తులు తెచ్చారు," అంది తలెత్తకుండానే.

"ఏమీ లేదమ్మా. ఆ పత్రం వేసిన పాపిష్ఠిదాన్ని నేనే. నన్నూ రాయిని చేసెయ్యి. కానీ ముందు ఒక్క మాట చెప్పు. నీ బిడ్డ ఎలా ఉండేవాడు?"

యక్షిణి చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"కుముదుడు వాడి పేరు. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. నవ్వితే ముందు ఆ బుగ్గే కదిలేది..." అని మొదలుపెట్టి ఆమె చాలాసేపు చెప్పింది.

చెంగల్వ ఒక ఎండుకొమ్మ తెచ్చి ఉలితో ఆ ముఖం చెక్కింది. పొయ్యి మసిలో ఆ కొమ్మకే అంటుకుని ఉన్న తుమ్మజిగురు కలిపి అద్ది, కాగితం మీద నొక్కి ఇచ్చింది.

యక్షిణి చూసి కాగితం విసిరికొట్టింది. "వీడు నా కొడుకు కాడు! మచ్చ కుడి బుగ్గ మీద ఉంది!"

అయ్యో! అచ్చులో ఎడమన చెక్కింది కాగితం మీద కుడివైపు పడుతుంది. అచ్చు ఎప్పుడూ తిరగేసి చెక్కాలి. పుట్టినప్పటి నుంచి తెలిసిన పని కూడా కన్నీళ్ళలో మరిచిపోయింది. సరిచెయ్యబోతే చెక్కిన కొమ్మ విరిగిపోయింది. ఆ రాతికొండ మీద ఇంకో పుల్ల లేదు. బయట అమావాస్య పొద్దు కుంగిపోతోంది.

"అయిపోయింది సింగా, నావల్ల కాలేదురా," అని చెంగల్వ నేలకు తల కొట్టుకుంది.

అప్పుడు ఫెళ్ళున శబ్దమైంది. యక్షిణి ఊయల పలక ఊడబెరికి ఆమె ముందు పెట్టింది.

"ఇందులో చెక్కు. ఈసారి ఏడవకు. మనిద్దరి బదులూ నేనే ఏడుస్తాను."

చెంగల్వ చెక్కింది. ముఖం తప్ప ఒక్క అక్షరం కూడా పెట్టలేదు. దుఃఖంలో ఉన్న తల్లికి ఏం రాయాలో ఆమెకు తెలియలేదు. కాగితం ఎత్తగానే ఎడమ బుగ్గన మచ్చతో బిడ్డ నవ్వాడు. యక్షిణి దాన్ని గుండెకు అదుముకుని గొల్లుమంది.

"పో తల్లీ, నీ తమ్ముడు లేస్తాడు," అంది. రాళ్ళైన వీరులు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. యక్షిణి మాయతో అందరినీ ఆ క్షణమే రత్నగిరిలో దింపింది.

ఊరంతా పిల్లల కేకలే. రాజు చెంగల్వను అచ్చుశాలకు అధికారిణిని చేస్తానని పల్లకీ పంపాడు. ఆమె పల్లకీని పట్టించుకోకుండా ఇంటికి పరుగెత్తి తమ్ముణ్ణి వాటేసుకుంది.

"అక్కా, ఆకలేస్తోంది," అన్నాడు సింగన్న. తరువాత కళ్ళు నులుముకుంటూ, "నిద్రలో కుముదుడని ఒకడు నాతో ఆడుకున్నాడక్కా. ఇంటికి పోదాం రారా అంటే, తను రాలేడట. తనకు చలి వెయ్యడం లేదని వాళ్ళమ్మతో చెప్పమన్నాడు," అన్నాడు.

చెంగల్వ వాడికి అన్నం పెట్టింది. వాడు తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. ఆ తరువాత, రాజుగారి పల్లకీ వాకిట్లో ఉండగానే, వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ మబ్బుకొండ దారి పట్టింది.